ప్రతి ఐతారం ఒక నీలం చుక్క

కొత్తవాడలో ముక్తార్ నేల మీద పరిచే దరీలు నేసే షెడ్డులో, గోడకు కొట్టిన రెండు ఇనుప కొక్కేలకు ఒక సైకిలు వేలాడుతూ ఉంటుంది. లావు టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగుల ఫోర్కు, ఇరవైకి పైగా గేర్లు. కొండలు, రాళ్లు ఎక్కడానికి చేసిన సైకిలు అది. దాని కిందనే మగ్గం గుంటలో కాళ్లు దించుకుని ముక్తార్ పొద్దంతా నేస్తాడు. వయసు యాభై ఒకటి. పెండ్లి కాలేదు. ఆ మాట రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ అతను ఊళ్లో లేడు, మాట అట్లాగే జారిపోయింది.

ఊళ్లో లేని ఆ పద్నాలుగేళ్లు అతను మహారాష్ట్రలోని భీవండిలో పవర్‌లూముల మీద పనిచేశాడు. ఒకే కప్పు కింద ముప్పై మగ్గాలు కొట్టుకునే చోట రోజుకు పన్నెండు గంటలు నిలబడ్డాడు. చెవులు ఎప్పుడు పోయాయో అతనికే తెలియదు. ఒకరోజు టీ కొట్టులో పక్కవాడు ఏదో అడిగితే పెదాలు కదలడం కనిపించింది, మాట వినిపించలేదు. పూర్తిగా పోలేదు. దగ్గరగా వచ్చి గట్టిగా మాట్లాడితే అందుతుంది. ఫోన్‌లో మాత్రం ఏమీ తెలియదు. తన మాట తనకు సరిగ్గా వినబడక అతను అరిచినట్టు మాట్లాడతాడు. కొట్లాటకు వచ్చాడేమో అని ఎదుటివాళ్లు బిత్తరపోతారు. అందుకని మాట్లాడడం తగ్గించుకున్నాడు. శనివారం సాయంత్రం చేనేత సొసైటీ గుమస్తాకు దరీ అప్పజెప్పి వచ్చాక మళ్లీ సోమవారం పొద్దున దాకా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడని వారాలు చాలా ఉండేవి.

అతనికి ఒక్కతే అక్క, ఖతీజాబీ. పాలంపేటలో ఇచ్చారు. ముక్తార్ కంటే తొమ్మిదేళ్లు పెద్ద. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి బీడీలు చుట్టుకుంటూ ఇద్దరినీ సాకింది. చివరి రోజుల్లో తల్లిని అక్కే తన ఇంట్లో పెట్టుకుని చూసింది. ఆ ఏడాది అమ్మకు సీరియస్‌గా ఉందని భీవండికి రెండుసార్లు కబురు వచ్చింది. రెండుసార్లూ ముక్తార్ పని వదిలి రైలెక్కి పరుగెత్తాడు. రెండుసార్లూ తల్లి మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ కనిపించింది. మూడోసారి కబురు వచ్చినప్పుడు అతను రెండు రోజులు ఆగాడు. పాలంపేట చేరేసరికి తల్లిని మట్టిలో పెట్టి ఒక పూట గడిచిపోయింది.

వాకిలి నిండా చుట్టాలున్నారు. అక్క గడపలో కూర్చుని ఉంది. అతన్ని చూసి లేవలేదు. "ఇంక ఎవరి కోసం వచ్చినవ్?" అంది. ఆ మాట మాత్రం అతనికి స్పష్టంగా వినిపించింది. భుజానున్న సంచి దించకుండా అట్లాగే వెనక్కి తిరిగి, నడుచుకుంటూ రోడ్డు మీదికి వచ్చి బస్సెక్కాడు.

మూడేళ్ల తర్వాత భీవండి వదిలేసి వరంగల్ వచ్చి, తండ్రి నేసిన కొత్తవాడలోనే మళ్లీ చేతిమగ్గం పట్టాడు. పాలంపేట బస్సులో రెండు గంటల దూరం. పోలేదు. అక్క రమ్మనలేదు. అతనూ ఫోన్ చేయలేదు. చేసినా వినబడదు. అక్క భర్త పోయిన సంగతి ఆర్నెల్లకు, మండిబజార్‌లో దూరపు చుట్టం ఒకాయన చెబితే తెలిసింది.

సైకిలు హరికృష్ణ సార్‌ది. హనుమకొండలో పాలిటెక్నిక్ లెక్చరర్. లాక్‌డౌన్ ఎత్తేసిన మరుసటి ఏడు, ఇంట్లోకి దరీలు నేయించుకోవడానికి షెడ్డుకు వచ్చాడు. ముక్తార్ గుంటలోంచి పైకి రావడానికి రెండు చేతులతో మోకాళ్లు పట్టుకుని పడే అవస్థ చూశాడు. తనకూ మోకాళ్ల నొప్పులుండేవని, సైకిలు తొక్కడం మొదలుపెట్టాక తగ్గాయని చెప్పాడు. ముక్తార్ నవ్వి ఊరుకున్నాడు. నెల తర్వాత సార్‌కు ఆదిలాబాద్ బదిలీ అయింది. కొత్త సైకిలు కొనుక్కున్నానని, పాతది తీసుకుని దానికి బదులు ఇంకో రెండు పెద్ద దరీలు నేసి ఇమ్మని అడిగాడు. ముక్తార్ నేసి ఇచ్చాడు. ఆ దరీలు పూర్తయ్యేలోపు ఐదు ఆదివారాలు ఇద్దరూ కలిసి ఖిలా వరంగల్ మట్టికోట చుట్టూ తిరిగారు. ముక్తార్ జీవితంలో ఆ ఐదు ఆదివారాలు వేరే రకం. ముందు ఒక మనిషి పోతుంటే వెనక తను పోవడం, ఎత్తు ఎక్కాక ఇద్దరూ రొప్పుతూ ఒకే సీసాలో నీళ్లు తాగడం. మాట్లాడే అవసరం పెద్దగా రాలేదు.

వెళ్లే ముందు రోజు సాయంత్రం హరికృష్ణ షెడ్డు మెట్టు మీద కూర్చుని ముక్తార్ ఫోన్‌లో మూడు యాప్‌లు వేశాడు. ఒకటి వాన ఎటునుంచి వస్తోందో, ఇంకెంతసేపటికి మన మీద పడుతుందో చూపిస్తుంది. రెండోది మ్యాపు. ఇంట్లో ఉండగా డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేని అడవిలో కూడా కాలిబాటలతో సహా కనిపిస్తుంది. మూడోది మనం తొక్కిన దారిని గీతలా గీసి దాచిపెడుతుంది. ఎంత దూరం, ఎంత ఎత్తు, ఎక్కడ ఆగాం, అన్నీ రాసుకుంటుంది. ఆ మూడో యాప్ ఒక ఫోన్ నంబరు అడిగింది.

"మీవాళ్లది ఒక నంబర్ చెప్పు భాయ్. ఏడన్న పడితే వాళ్లకు మెసేజ్ పోతది" అన్నాడు హరికృష్ణ, చెవి దగ్గరకు వంగి.

 మీ నంబరే పెట్టండి సార్ అన్నాడు ముక్తార్. తను ఆదిలాబాద్‌లో ఉంటే ఇక్కడ పడ్డ మనిషిని ఎట్లా లేపుతానని హరికృష్ణ అడిగాడు. అదీ నిజమే. సొసైటీ గుమస్తా నంబరు ఫోన్‌లో ఉంది కానీ, నువ్వు పడితే నాకెందుకు మెసేజ్ వచ్చిందని ఆయన అడిగితే చెప్పడానికి జవాబు లేదు. చివరికి ముక్తార్ ఫోన్ చూడకుండానే పది అంకెలు చెప్పాడు. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా నొక్కని నంబరు, నోటికి అట్లాగే ఉంది. ఎవరిదని హరికృష్ణ అడిగితే అక్కది అన్నాడు. హరికృష్ణ ఏవో రెండు మూడు గుర్తులు నొక్కి, అయిపోయిందని ఫోన్ ఇచ్చేశాడు.

ముక్తార్ ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాడు. యాప్‌లో అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. రంగును బట్టి, ఉన్న చోటును బట్టి బటన్లు గుర్తుపెట్టుకున్నాడు. మొదలుపెట్టడానికి నారింజ రంగు గుండ్రం, ఆపడానికి నల్లది. ప్రతిసారీ నారింజ గుండ్రం నొక్కగానే పైన ఒక సన్నని ఇంగ్లీషు వరుస వచ్చి కాసేపుండి పోయేది. అదేమిటో అతను పట్టించుకోలేదు.

హరికృష్ణ వెళ్లిపోయాక ముక్తార్ ఒక్కడే తొక్కాడు. ధర్మసాగర్, చిల్పూరు గుట్ట, అయినవోలు, ఒకసారి పాకాల దాకా. మ్యాపులో గోధుమ రంగు గీతలు దగ్గర దగ్గరగా ఉంటే ఎక్కుడు నిట్టనిలువుగా ఉంటుందని, ఎడంగా ఉంటే చదునని ఎవరూ చెప్పకుండానే అతనికి తెలిసిపోయింది. పాకాల అడవిలో ఒకసారి బాట మూడుగా చీలింది. ఫోన్ తీసి చూస్తే వాటిలో ఒకటి చుక్కల గీతగా పోయి చెరువు కట్ట మీదకు తేలింది. ఆ బాటే పట్టుకుని బయటపడ్డాడు. ఇంకోసారి ఎండ కాస్తున్నా వాన యాప్ మీద నమ్మకంతో వెనక్కి మళ్లాడు. గంటలోపే ఆ వైపు వాగు రోడ్డు మీదికి పొంగిందని మరునాడు పేపర్లో చూశాడు. చెవులు లేనివాడికి ఆ ఫోన్ మంచి తోడు. చెప్పాల్సినదంతా చూపిస్తుంది, మలుపు వచ్చినప్పుడు హ్యాండిల్ మీద వణుకుతుంది, తిరిగి ఏమీ అడగదు.

ఆ యాప్‌లో తొక్కేవాళ్లు ఒకరినొకరు మెచ్చుకుంటారు. నువ్వు తిరిగిన దారి చూసి అవతలివాడు బొటనవేలు గుర్తు నొక్కితే అది నీ గీత కింద కనిపిస్తుంది. మొదట్లో ముక్తార్ గీతల కింద ఒక్కో గుర్తు ఉండేది, హరికృష్ణది. తర్వాత ఆయనకు పని ఎక్కువైందో ఏమో, రావడం ఆగింది. ఆదివారం సాయంత్రం అన్నం పొయ్యి మీద పెట్టి ముక్తార్ ఆ సున్నా వైపు కాసేపు చూసేవాడు. బాధ అని కాదు. ఈరోజు గుట్ట మీద ఒక పొదలో నెమలి తన పక్కనుంచే లేచి పోయిందని ఎవరికైనా చెప్పాలనిపించేది. అంతలో అన్నం పొంగేది.

రెండేళ్లు దాటేసరికి తిరిగిన దారులన్నీ ఒకే మ్యాపు మీద చూసుకుంటే వరంగల్ చుట్టూ గీతలు దట్టంగా అల్లుకుని ఉన్నాయి. ములుగు రోడ్డు దిక్కు మాత్రం ఖాళీగా ఉంది. అటు మంచి అడవి ఉందని, గుట్టలున్నాయని మ్యాపులో చూస్తూనే ఉన్నాడు.

పోయిన డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే ముక్తార్ సైకిలును బస్సు టాపు మీద వేయించి ములుగులో దిగాడు. ఎందుకు పోయావని తర్వాత అడిగితే, మిగతా దిక్కులన్నీ అయిపోయాయని చెప్పాడు. అది సగం నిజం. ములుగు బస్టాండ్ బయట నారింజ గుండ్రం నొక్కి, ఏటూరునాగారం పోయే రోడ్డు పట్టుకున్నాడు. మంచు ఇంకా విడవలేదు. జంగాలపల్లి దగ్గర రోడ్డు చీలుతుంది. ఎడమకు తిరిగితే రామప్ప గుడి, పాలంపేట. అక్కడ ఒక హోటల్ ముందు సైకిలు ఆపి చాయ్ తాగాడు. ఇంకోటి తాగాడు. గుడికి పోయే కార్లు, ఆటోలు ఆ మలుపు తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. అక్క ఇల్లు అక్కడికి ఎంతో దూరం లేదు. మ్యాపులో చూస్తే బొటనవేలు వెడల్పు కూడా లేదు.

అరగంట అక్కడే ఉన్నాడు. లేచి, ఎడమ వైపు కొంత దూరం పోయాడు కూడా. తర్వాత రోడ్డు పక్క నుంచి గుట్టల వైపు పోయే ఒక బండ్ల బాట కనిపిస్తే అందులోకి తిరిగాడు. ఊరు తగలకుండా చుట్టి వచ్చి మళ్లీ హైవే ఎక్కే దారి అని మ్యాపులో ఉంది.

రెండు మూడు కిలోమీటర్లు బాగానే పోయింది. టేకు ఆకులు బాట నిండా పరుచుకుని ఉన్నాయి. వాగు దిగే దగ్గర ఆ ఆకుల కింద ఉన్న రాయి కనిపించలేదు. ముందు చక్రం ఇరుక్కుంది, ముక్తార్ హ్యాండిల్ మీదుగా వాగులో పడ్డాడు. నీళ్లు చీలమండ లోతు కూడా లేవు. కుడికాలు కింద పడి, దాని మీద సైకిలు పడింది. లేద్దామని చూస్తే పాదం తనది కానట్టు పక్కకు ఒరిగి ఉంది.

మోచేతుల మీద పాకి ఇసుక మీదకు వచ్చాడు. ఫోన్ పగల్లేదు. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చి, పక్కన అంకెలు ముప్పై నుంచి సున్నా దాకా తగ్గాయి. తర్వాత ఒక చిన్న చక్రం తిరగడం మొదలైంది. సిగ్నల్ గీతలు ఒక్కటి కూడా లేవు. మెసేజ్ పోవడానికి చూస్తోంది, పోవడం లేదు అని అర్థమైంది. మెసేజ్ ఎవరికి పోతుందో కూడా అప్పుడే గుర్తొచ్చింది. పోకపోవడమే మంచిదనుకున్నాడు.

మ్యాపు మాత్రం పనిచేస్తోంది. వాగు నీలం గీత మీద, బాట దాన్ని దాటే చోట తన చుక్క కదలకుండా ఉంది. తనెక్కడున్నాడో అతనికి బారెడు తేడా లేకుండా తెలుసు. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు. సోమవారం మగ్గం ఆడకపోతే పక్క షెడ్డువాళ్లు ఒంట్లో బాగా లేదేమో అనుకుంటారు. మంగళవారం కూడా అట్లాగే అనుకుంటారు. శనివారం దరీ రాకపోతే సొసైటీ గుమస్తా ఎవరినైనా పంపుతాడేమో. ముక్తార్ ఇవన్నీ వరసగా లెక్కవేసుకుని, వారం అని తేల్చుకున్నాడు. అప్పుడు మొదటిసారి భయమేసింది. కేకలు వేశాడు. తన కేక ఎంత దూరం పోతుందో, ఎవరైనా తిరిగి పలికితే తనకు వినబడుతుందో లేదో కూడా తెలియదు. అందుకే కొద్దిసేపు అరవడం, తర్వాత బాట వైపు కళ్లు పెట్టి చూడడం, మళ్లీ అరవడం. పొద్దు నడినెత్తికి వచ్చింది. అవతలికి దిగింది.

మధ్యాహ్నం రెండు దాటాక బాట మీద ఇద్దరు మనుషులు కనిపించారు. ముందున్నాయన భుజం మీద గొడ్డలి, నేల వైపు చూసుకుంటూ టైరు అచ్చులు పట్టుకుని వస్తున్నాడు. ఆయన కొమురెల్లి, అక్కడి పశువుల కాపరి. వెనకనున్న ముప్పై ఏళ్ల మనిషిని ముక్తార్ గుర్తుపట్టలేదు. అతను పరుగెత్తుకుంటూ వచ్చి వాగులో మోకాళ్ల మీద కూర్చుని "మామూ, నేను రయీస్‌ను" అన్నాడు. అక్క కొడుకు. తల్లి పోయినప్పుడు వాకిట్లో కుర్చీలు వేస్తూ తిరిగినవాడు.

ఇద్దరూ కలిసి అతన్ని మోసుకుంటూ బాట చివర దాకా తెచ్చారు. రోడ్డు మీద ఆటో ఆగి ఉంది. వెనక సీటులో ఖతీజాబీ కూర్చుని ఉంది. జుట్టు తెల్లబడింది, మొహం సన్నబడింది. పక్కన కోడలు ఫౌజియా. ముక్తార్‌ను సీటులోకి ఎక్కించి కాలు అక్క ఒడిలో పెట్టారు. ఆమె కాలు వైపే చూస్తూ, అతనికి వినబడేంత గట్టిగా అడిగింది.

"జంగాలపల్లి దాక వచ్చినవ్. అటెన్క గిట్ల ఎందుకు మర్రినవ్ రా?"

ముక్తార్‌కు ఏమీ అర్థం కాలేదు. ఆమె మళ్లీ చెప్పింది. "ప్రతి ఐతారం చెప్పి పోతానవ్ గదా. ఇయ్యాల ములుగుల దిగినవని చూసి, మా దిక్కే వస్తానవనుకున్న. బగారన్నం వండిన."

ఫౌజియా అత్త ఫోన్ తీసి చూపించింది. ఒకే రకం మెసేజ్‌లు, కిందికి తోస్తుంటే వస్తూనే ఉన్నాయి. ప్రతి దాంట్లో ఇంగ్లీషులో ముక్తార్ పేరు, దాని కింద నీలం అక్షరాల లింకు. రెండేళ్ల కిందటి మొదటి మెసేజ్ నుంచి ఈరోజు పొద్దున ములుగు బస్టాండ్ ముందు పోయినదాకా అన్నీ ఉన్నాయి. సైకిలు ఎక్కిన ప్రతిసారీ యాప్ తనంతట తానే ఆ నంబరుకు కబురు పంపుతోంది. ఆ లింకు నొక్కితే మ్యాపు మీద నీలం చుక్కగా అతను కదులుతుంటాడు.

మొదటిసారి ఆ మెసేజ్ వచ్చినప్పుడు ఫౌజియానే చదివి, ఇందులో మామూ పేరుంది అత్తమ్మా అని చెప్పిందట. రెండోసారికి ఖతీజాబీ ఆ నీలం అక్షరాలను తనే నొక్కడం నేర్చుకుంది. చదువు రాదు. చుక్క ఎటు పోతోందో చూస్తే చాలు. ఆదివారం పొద్దున పొలం పనులకు కూడా ఫోన్ కొంగున కట్టుకుని పోయేది. చుక్క ఇంటికి చేరిందాకా ఆమెకు అన్నం సయించేది కాదని ఫౌజియా చెప్పింది. అన్ని దిక్కులకూ పోతాడు, ఇటు తప్ప అని కూడా ఆమె గమనించుకుంది. ఈరోజు చుక్క జంగాలపల్లి హోటల్ దగ్గర అరగంట ఆగినప్పుడు ఇంట్లో ఎవరినీ మాట్లాడనివ్వలేదు. తర్వాత చుక్క ఊరి వైపు తిరిగింది, అంతలోనే పక్కకు మళ్లింది. అడవి మొదట్లో ఆగింది, ఇక కదల్లేదు. సిగ్నల్ ఉండదక్కడ, ఫికర్ చేయకు అని రయీస్ చెప్పినా వినలేదు, మధ్యాహ్నం దాకా చూసి ఆటో తీయించింది.

ములుగు దవాఖానలో ఎక్స్‌రే తీశారు. చీలమండ రెండు చోట్ల విరిగింది. సిమెంటు పట్టీ వేసి ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. ఎక్కడికి తీసుకుపోవాలని ఎవరూ అడగలేదు. ఆటో పాలంపేటకే పోయింది.

ఆ ఆరు వారాలు ముక్తార్ అక్క ఇంట్లో, ముందు గదిలో మంచం మీద ఉన్నాడు. ఇంట్లోవాళ్లు బాగా చూసుకున్నారు. కానీ మనుషుల మధ్య ఎట్లా ఉండాలో అతను మరిచిపోయాడు. అందరూ కలిసి తింటూ నవ్వుకుంటుంటే ఎందుకు నవ్వారో అందేది కాదు. అడిగితే చెప్పేవాళ్లు. రెండోసారి చెప్పిన నవ్వులాటలో నవ్వు ఉండదు. అందుకని అడగడం మానేశాడు. కొత్తవాడ గదిలో ఒక్కడే ఉన్నప్పుడు ఇంత ఒంటరితనం తెలియలేదని ఒక్కోసారి అనిపించేది. అక్క పొద్దున్నే పొలానికి పోయి, మధ్యాహ్నం వచ్చి, అతని మంచం పక్కన పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుకునేది. ఇద్దరూ తల్లి మాట ఎత్తలేదు.

అతన్ని లోపల ఇంకో సంగతి తినేస్తోంది. తను మాట్లాడలేక, ఎక్కడ ఉన్నదీ ప్రతివారం కబురు చేస్తున్నాడని అక్క నమ్మింది. తమ్ముడి కోపం తగ్గిందనుకుంది. ఎవరైనా ఇంటికి వస్తే, మా తమ్ముడు రెండేండ్ల సంది ఎటు పోయినా నాకు చెప్పకుండ పోలే అని వాళ్లకు చెబుతుంటే, పెదాల కదలికలో అతను ఆ మాట పట్టుకున్నాడు. అప్పుడు తల తిప్పుకున్నాడు. చెప్పకుండా ఉంటే ఎవరికీ నష్టం లేదు. కానీ తను చేయని మంచిని తన పేరున ఉంచుకుని ఆమె పెట్టే అన్నం తినడం కష్టంగా ఉంది.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు చెప్పేశాడు.

"అక్కా, ఆ మెసేజ్‌లు నేను పంపలే. నాకు తెల్వదు. ఫోనే పంపింది."

ఖతీజాబీ చేతిలో కాయ తుంచకుండానే చాటలో పెట్టింది. మొహంలో రంగు మారింది. రెండేళ్ల ఆదివారాలు ఒక్కొక్కటే తిరిగి చూసుకుంటున్నట్టుంది. తర్వాత అతని చెవి దగ్గరకు జరిగి అడిగింది.

"నా నంబర్ దాంట్ల ఎవరు పెట్టిన్రు?"

"నేనే."

"ఎందుకు పెట్టినవ్?"

"ఇంకెవరి నంబర్ లేకుండె."

ఆమె ఆ జవాబు విని తల ఊపింది. సంతోషపడిందో, నొచ్చుకుందో అతనికి తెలియలేదు. కాయలు తుంచడం అయ్యాక లేచి లోపలికి పోయింది. ఆ సాయంత్రం మామూలుగానే అన్నం పెట్టింది.

తర్వాత రెండు రోజులకు అతనే తల్లి మాట ఎత్తాడు. ఆ రోజు నువ్వు 'ఇంక ఎవరి కోసం వచ్చినవ్' అన్నావు, అందుకే మళ్లీ రాలేదు అని. ఖతీజాబీ అతని మొహంలోకి చూసింది. "గా మాట నేనన్ననా? నాకు యాద్ లేదు రా" అంది. దాచడం లేదు. నిజంగానే గుర్తులేదు. ఆ రోజు ఎవరొచ్చారో, ఎవరికేం అన్నదో ఆమెకేదీ గుర్తులేదు. తమ్ముడు వచ్చాడని, చూస్తుండగానే వెళ్లిపోయాడని మాత్రమే తెలుసు. ఎందుకు వెళ్లాడో తెలియక, కోపమొచ్చిందేమోనని, అతను తనంతట వచ్చిందాకా పిలవకూడదని పట్టుపట్టి కూర్చుంది. పదమూడేళ్లు మోసిన మాట చెప్పినవాళ్ల దగ్గర లేనేలేదని తెలిసి ముక్తార్‌కు ఏడవాలో నవ్వాలో తోచలేదు. ఆ పూట అన్నం ముట్టలేదు.

పట్టీ విప్పిన వారం రయీస్ అతన్ని ఖబరస్తాన్‌కు తీసుకుపోయాడు. ఊరి చివర, పొలాల పక్కన, మోకాలెత్తు గోడ. అక్క కూడా వచ్చి, ఆడవాళ్లు లోపలికి పోరు కనుక గోడ బయట నిలబడింది. సమాధులకు రాళ్లు లేవు, మట్టి దిబ్బలు, వాటి మీద ఎండిన గడ్డి. తల్లిది ఏదో ముక్తార్‌కు తెలియదు. ఆ రోజు ఇక్కడిదాకా రాకుండానే తిరిగిపోయాడు. రయీస్‌కు కూడా సరిగ్గా గుర్తులేదు. ఖతీజాబీ బయటి నుంచి ఏదో చెబుతోంది, అతనికి అందడం లేదు. అప్పుడామె చేతులెత్తి చూపించింది. ఇంకా ముందుకు. ఎడమకు. ఇంకొంచెం. ముక్తార్ కర్ర ఊతంతో దిబ్బలు తొక్కకుండా ఆమె చెయ్యినే చూస్తూ నడిచాడు. ఆమె అరచెయ్యి నిలబెట్టిన చోట ఆగాడు. తల్లి కోసం ఫాతిహా దువా చదివి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తిరిగి వచ్చేసరికి అక్క గోడ మీద కూర్చుని ఉంది. ముగ్గురూ ఇంటికి నడిచారు.

ఫిబ్రవరిలో ముక్తార్ కొత్తవాడకు తిరిగి వచ్చాడు. ఉండిపొమ్మని వాళ్లు అడిగారు. మగ్గం మీద సగం నేసిన దరీ ఉందని చెప్పాడు. అది నిజమే. వచ్చాక మొదటి వారం చేతులు మాట వినలేదు, అంచు రెండుసార్లు విప్పి నేయాల్సి వచ్చింది. ఎండాకాలం మొత్తం సైకిలు కొక్కేలకే ఉంది. జూన్‌లో మళ్లీ దించాడు. ఇప్పుడు నెలకొక ఆదివారం పాలంపేట పోతాడు. మధ్యాహ్నం తిని, కాసేపు పడుకుని, సాయంత్రం బస్సుకు వచ్చేస్తాడు. అక్కా తమ్ముళ్లు ఎక్కువ మాట్లాడుకోరు. ఆమెకు గొంతు పెంచడం నచ్చదు, అతనికి మెల్లగా చెబితే వినబడదు.

మిగతా ఆదివారాలు అతను ఒక్కడే తొక్కుతాడు, ఒక్కడే తింటాడు. ఒంటరితనం పోయిందని చెబితే అబద్ధమవుతుంది. ఒక తేడా మాత్రం ఉంది. నారింజ గుండ్రం నొక్కగానే పైన వచ్చే ఆ ఇంగ్లీషు వరుసలో ఏముందో ఇప్పుడు అతనికి తెలుసు. ఆ మాటను ఫౌజియా ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చింది: ఒకరు చూస్తున్నారు. కొన్ని వారాలు అది అతనికి ఇబ్బందిగానే ఉండేది. చెట్టు కింద పది నిమిషాలు ఎక్కువ కూర్చుంటే అక్కడ ఆమె లేచి నిలబడుతుందేమో అనిపించి లేచేవాడు. ఒక ఆదివారం ఆ ఏర్పాటు తీసేయమని రయీస్‌ను అడగాలనుకున్నాడు, అడగలేదు.

వచ్చే చలికాలం ఏటూరునాగారం వైపు పోవాలని అనుకుంటున్నాడు. అభయారణ్యంలోకి పోనివ్వరు, అంచున ఉన్న ఊళ్ల బాటలే పట్టుకోవాలి. ఆ మ్యాపు ఇప్పటికే డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాడు. తాడ్వాయి దాటాక చాలా చోట్ల సిగ్నల్ ఉండదని, తన చుక్క అక్కడ ఆగిపోతుందని, ఆగినంత మాత్రాన భయపడవద్దని పోయిన నెల అక్కకు చెప్పాడు. 

"పొద్దూకే దాక చూస్త. అటెన్క రయీస్‌ను తోల్త" అంది ఖతీజాబీ.